బరువు పెట్టి చూసినవా?

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే, చెప్పులు కుట్టే మేస్త్రి గారి భార్య ఫోన్ చేశారు. "మీ మేస్త్రి పోయిండు బిడ్డా. చాయ్ పెట్టి లేపితె లేవలె," అన్నారు. గుండె ఆగిందని డాక్టర్ చెప్పాడట. నేను అల్మాస్‌గూడలో వాళ్లింటికి చేరేసరికి గడప బయట బోలెడన్ని చెప్పులు. సగం ఆయన కుట్టినవే.

దిల్‌సుఖ్‌నగర్ సందులో ఆయనది చిన్న దుకాణం. షుగర్‌తో కాళ్లు మొద్దుబారినవాళ్లకు మెత్తటి చెప్పులు కుట్టేవారు. మా నాన్నగారిని తీసుకెళ్లినప్పుడు పరిచయం. నేను ఎలక్ట్రానిక్స్ చదివానని తెలిసి, "పాదం ఏడ ఎక్కువ ఒత్తుతదో చెప్పే మిషన్ ఏమన్న ఉందా?" అని అడిగారు. కాగితమంత పలచగా ఉండి, వంగే సెన్సర్లు ఉన్నాయన్నాను. చెప్పు అట్టమీద ఎనిమిది అతికించి, వాటి వైర్లు ఫోన్‌కి కలిపేలా ఒక జత తయారుచేశాం. మడమ కింద ఎంత బరువు పడుతోందో, వేళ్ల కింద ఎంతో అంకెల్లో కనిపించేది.

ఆ సెన్సర్లను నేను కొన్నాను గానీ, బాగా చూసుకున్నది ఆయనే. సెన్సర్ తోక దగ్గర, అంటే వైరు తగిలించే కొస దగ్గర, మడత పడితే లోపలి గీత తెగిపోతుందని ఒక్కసారే చెప్పాను. అప్పట్నుంచీ ఆ అట్టలను పెట్టెలో, రెండు కాగితాల మధ్య, పరుపు మీద పడుకోబెట్టినట్టు ఉంచేవారు. టంకం వేడి తగిలితే ప్లాస్టిక్ కరుగుతుందని వైరు పని తానే క్లిప్పులతో చేసేవారు. రోజూ దుకాణం తెరవగానే ఒక్కో సెన్సర్ మీద రబ్బరు ముక్క, దానిమీద కిలో రాయి పెట్టి అంకె చూస్తేగానీ ఎవరి కాలూ ముట్టేవారు కాదు.

"సున్నా ఒస్తె సంబురపడకు బిడ్డా. బరువే లేదో, దానికి పానమే లేదో, జర చూడాలె," అనేవారు.

ఒక సాయంత్రం, దుకాణం మూసే వేళకు, "నాది గుడ చూడు. నాకు షుగర్ ఒచ్చి పదేండ్లయె," అన్నారు. ముందురోజు ఎవరికో చూపించడానికి ఆ జతను నా బ్యాగులో కుక్కి తీసుకెళ్లాను. అప్పుడే తిరిగి తెచ్చాను. చైతన్యపురిలో ట్యూషన్ చెప్పడానికి నాకు టైమైపోతోంది. ఆయన నాలుగడుగులు నడిచారు. కుడి బొటనవేలి కింద సున్నా.

"బాగుందండీ, అక్కడ ఒత్తిడే లేదు," అన్నాను.

ఆయన నా మొహం చూశారు. "బరువు పెట్టి చూసినవా?"

"పొద్దున్నే చూశాను."

చూడలేదు. ఆయన నన్ను నమ్మారు. ఇంకొకరికి చూపించే పనుందని ఆ జతను మళ్లీ నాతోనే పట్టుకెళ్లాను, అది మా ఇంట్లోనే ఉండిపోయింది.

రెండు నెలలకు సరిగ్గా ఆ వేలి కిందే పుండు పడింది. నొప్పి తెలియదు కదా, చీము పట్టేదాకా చూసుకోలేదు. వేలు తీసేశారు. ఇంటికొచ్చి ఆ జత తీసి చూస్తే బొటనవేలి సెన్సర్ తోక దగ్గర తెల్లటి మడత. దవాఖానలో ఆయన మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. కోప్పడితే బాగుండును. ఆయన మాత్రం, "నా కాలు నేను చూసుకోవద్దా బిడ్డా? నీ మీదేసి కూసున్న," అన్నారు. తర్వాత నెమ్మదిగా, "మందికి మాత్రం గిట్ల చెయ్యకు," అన్నారు.

ఆ తర్వాత ఏడాది పైగా బతికారు. కుంటుతూనే దుకాణానికి వచ్చారు. ఆ పుండుకీ ఆగిన గుండెకీ సంబంధం ఉందా అని నేను డాక్టర్‌ని అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

దినాలయ్యాక, కుట్టి ఉంచిన చెప్పులు ఎవరివి వాళ్లకిచ్చేద్దామని ఆయన భార్య దుకాణం తెరిచారు. సాయానికి నేనూ వెళ్లాను. మూసారాంబాగ్ నుంచి ఒక ముసలావిడ వచ్చింది. ఆయన పోయిన సంగతి ఆమెకు ఇంకా తెలియదు. ఆయన భార్య పొట్లం వెతుకుతున్నట్టు అటు తిరిగిపోయారు. ముసలావిడ బల్లమీద కూర్చుని, పాత చెప్పు విప్పి, అలవాటుగా కుడికాలు ముందుకు చాచింది. ఎదురుగా మేస్త్రి గారు కూర్చునే పీట ఖాళీ. పట్టుకునే చెయ్యి కోసం ఆ పాదం అలాగే గాలిలో ఉండిపోయింది.