నవ్వకూడదని చెప్పింది నేనే

ఈ రోజు రాప్తాడులో టీచర్లకు శిక్షణ ఇచ్చాను. అబ్బాయిల్ని ఇష్టపడే అబ్బాయిలు, అమ్మాయిల్ని ఇష్టపడే అమ్మాయిలు, ట్రాన్స్ పిల్లలు, వాళ్లు మనసులో పడే బాధ, వాళ్ల చరిత్ర. ఇదీ విషయం. పిల్లలెవరైనా తమ గురించి చెప్పుకుంటే నవ్వకూడదన్నది మొదటి పాఠం.

చరిత్ర దగ్గరికి రాగానే వెనక బెంచీలోంచి నాగన్న సార్ లేచారు.

"మేడం, ఇవన్నీ సిటీల్లో ఉంటాయి. మా కంబదూరు పక్క మగోనికీ మగోనికీ పెళ్లనే మాట యాడా ఇన్లేదు."

నేను జవాబు చెప్పేలోపే ఆయన ఊరి ఆవిడే, పద్మావతి టీచర్ తాపీగా అందుకున్నారు.

"అట్లంటావేమప్పా నాగన్నా? చిన్నప్పుడు వాన్లు పడలేదని ఊరోళ్లంతా కలిసి నీకు చీర కట్టి మా అన్నతో పెళ్లి చేసినారు గదా. ఓళిగలతో అన్నాలు గూడా పెట్టినారు."

వానకోసం ఇద్దరు మగపిల్లలకు పెళ్లి చేసే ఆచారం ఉందని నాకూ తెలుసు. పెళ్లికూతురు ఎదురుగా నిలబడి ఉంటుందని మాత్రం అనుకోలేదు. హాలంతా గొల్లుమంది. అందరికన్నా ముందు నవ్వింది నేనే.

నాగన్న సార్ మాత్రం నవ్వలేదు.

"ఎవురి సంగతన్నా బయటపడితే నవ్వగూడదని ఇంతకుముందు మీరే గదా మేడం చెప్పినారు."

క్షమాపణ చెప్పాను. మధ్యాహ్నం నుంచి ఆయన ముందు బెంచీలో కూర్చుని, అలాంటి పిల్లోడు తన దగ్గరికొస్తే మొదట ఏం మాట్లాడాలో అడిగి మరీ రాసుకున్నారు.

ఇంతకీ ఆ ఏడు వాన పడిందా అని అడగలేకపోయాను. కంబదూరు వాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఈసారి నవ్వను.