దొర కారు, మా తమ్ముడి ఎడ్లు

నా తమ్ముడు పోయిన సోమవారం పొద్దున చనిపోయాడు. తొమ్మిది రోజుల జ్వరం. వచ్చిన వాళ్లంతా మంచివాడని చెప్పిపోతున్నారు. మంచివాడే, కాదనను. "జర మంచిగ రాయి అవ్వా" అని మా మనవరాలు కూడా అంటున్నది. కానీ ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నవాడి గురించి రాస్తున్నాను కనుక, నన్ను అతను విసిగించినంతగా ఇంకెవరూ విసిగించలేదన్నది ముందు రాయాలి.

భర్త పోయాక నేను కట్టంగూర్ దగ్గరున్న పుట్టింటికి తిరిగి వచ్చాను. ఇంటి పద్దు నాది, పశువులు అతనివి. ఎద్దును కొనే ముందు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, సుడులు చూసి, పళ్లు చూసి, ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించేవాడు. ఎడ్ల విషయంలో అది మంచి అలవాటే. కారు విషయంలో నా ప్రాణం తీసింది.

సంఘం వాళ్లు దొరల మీద తిరగబడ్డ రోజుల్లో మా ఊరి దొర హైదరాబాదుకు పారిపోయాడు. ఆయన కారు ఖాళీ అయిన గడీలో, కప్పు కూలిన కొట్టంలో రెండు వానాకాలాలు తడిసింది. పోలీసు యాక్షన్ అయ్యాక మిగిలిన సామాను అమ్మడానికి దొర మున్షీ వచ్చేసరికి, దాని తలుపులు ముట్టుకుంటే తుప్పు రాలేది. ఇంజనులో ఎలుకల గూడుంది.

తమ్ముడు రోజూ పోయి దాన్ని చూసొచ్చి, అన్నం ముందు మొదలుపెట్టేవాడు.

"కొందమా అక్కా?"

"దేనికిరా?"

"చూస్తున్న. ఇంక అనుకోలే."

ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి చూపించాను. వద్దనడానికి కారణాలు వరుస నిండా ఉన్నాయి. కొనడానికి ఒక్కటీ లేదు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "జాగా ఇడిచిపెట్టినవు గదా, తర్వాత రాద్దువు తీ" అన్నాడు.

నల్లగొండ నుంచి బస్సులు బాగుచేసే మిస్త్రీని కూడా పిలిపించాడు. మిస్త్రీ మూత ఎత్తి చూసి, "ఇంజను సచ్చింది పటేలా. దీన్ని లేపుడు బ్రహ్మతోని గాదు" అన్నాడు. తమ్ముడు ఆ మాట విననట్టే వెనక సీటెక్కి, చిన్నపిల్లవాడిలా దాని మీద ఎగిరెగిరి చూశాడు. నాకు సిగ్గేసింది.

అమ్ముడుపోని సామాను పట్నం చేర్చడానికి మున్షీకి ఎడ్లు కావాలి. ఒక ఎద్దుకు కారు అడుగుతానని తమ్ముడు పోయాడు. ఎడ్ల బేరంలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద రుమాలు కప్పి, కింద వేళ్లు పట్టుకుంటారు. పట్టినన్ని వేళ్లు ధర. అవతలివాడు చేయి లాక్కోకపోతే ఒప్పుకున్నట్టు. తమ్ముడు అలవాటుగా రుమాలు కప్పి మున్షీ వేలు ఒకటి పట్టాడు. పట్నం మనిషి ఇదేదో పల్లె మర్యాద అనుకొని, తమ్ముడి వేళ్లు రెండు పట్టుకొని ఊపాడు. తమ్ముడు చేయి లాక్కోలేదు. మాకున్న రెండు జతల్లో మంచి జత అట్లా పోయింది.

"ఆయనకు మన వేళ్ల లెక్క ఎర్కలేదురా. పోయి చెప్పు" అన్నాను.

"తెల్వక పట్టుడు ఆయన తప్పు. తెలిసి గుంజుకునుడు నా తప్పయితది."

"మరి పొలం ఏం పెట్టి దున్నుతవ్? సచ్చిన ఇంజను పెట్టా?"

నెమ్మదిగా, "ఇంజను నాకెందుకక్కా. స్ప్రింగులు బతికున్నయి. నా ఇంటామె ఎడ్లబండి కుదుపులకే పాయె గదా. నార్కట్‌పల్లి సుత దాటలే" అన్నాడు.

మా మరదలు పురిటి నొప్పులతో దవాఖానకు పోతూ, రజాకార్ల లారీలు రాకుండా బాటలన్నీ తవ్వి ఉన్న రోజుల్లో, దారిలోనే పోయింది. అప్పటినుంచి అతను ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. నా కాగితంలో ఇంజను ఉంది, తలుపులున్నాయి, టైర్లున్నాయి. స్ప్రింగులు లేవు.

ఇంజను పీకి పారేశాడు. టైర్లలో గడ్డి కూరాడు. ముందర కాడి బిగించి, మిగిలిన ముసలి జతను కట్టాడు. ఊరివాళ్లు నవ్వారు.

"దొర కారుల బర్లు కాయవోతున్నవా పటేలా?"

"నువ్వు సుత ఎక్కు. బర్లకు కిరాయి లేదు."

ఆ ఏడు మా పొలం సగం బీడుపడింది. అందుకు అతన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. పదకొండు మంది నిండు చూలాళ్లు ఆ కారులో నల్లగొండ దవాఖానకు పోయారు. పదకొండు మందీ తిరిగి వచ్చారు. అది కూడా రాయాలి.

జ్వరం ఎక్కువైన నాడు కారు కట్టించి ఎట్లాగైనా నేనే తీసుకుపోతానన్నాను. పక్కింటి కోడలికి నెలలు నిండాయని ఒప్పుకోలేదు. "నన్ను తీస్కవోతే బండి ఎల్లుండి దాక రాదు. ఆ పిల్లకు ఈలోపల నొప్పులొస్తే?" అన్నాడు. ఎంత తిట్టినా వినలేదు. వేరే ఎడ్లబండిలో పంపడానికి నాకే మనసొప్పలేదు.

అతను పోయిన మూడోనాడు ఆ పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. మేము మైలలో ఉన్నాం, గడప దాటకూడదు. కానీ ఆ బండికి ఎడ్లను తోలేవాడొక్కడు చాలడు. ఎడ్లు తిరిగిన వైపు చక్రాలు తిరగాలంటే లోపల ఒకరు స్టీరింగు పట్టుకొని ఉండాలి. ఆ పని ఎప్పుడూ తమ్ముడిదే, ఇంకెవరికీ నేర్పలేదు. నేర్పమని ఎన్నిసార్లు చెప్పానో.

ఆ పిల్ల మామ ఎడ్లు తోలాడు. నేను ముందు సీట్లో కూర్చొని స్టీరింగు పట్టుకున్నాను. నార్కట్‌పల్లి ఇవతల ఒక పెద్ద గుంతలోకి ఎడ్లు దిగాయి. గబుక్కున వెనక్కి తిరిగి చూశాను. ఆ పిల్ల సీటుతో పాటు మెల్లగా పైకి లేచింది, మెల్లగా దిగింది. నొప్పికీ నొప్పికీ నడుమ కునుకు పట్టినట్టుంది, కళ్లు తెరవలేదు.