రెండు కాగితాలు కలిపి తిప్పిన రోజు

నేను చేసిన ఉద్యోగం ఏమిటో చెబితే చాలామంది నవ్వుతారు. పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళి, పన్నెండు దాకా ఒక పెద్దాయన పక్కన కూర్చుని దినపత్రిక పైకి చదవాలి. వంట చేయడానికి వేరే ఆమె ఉంది. నా పని చదవడం, ఆయన మాట్లాడితే వినడం. "చదివితే జీతమా!" అని మా సందులో ఆశ్చర్యపోయారు. నాకూ మొదట్లో సిగ్గుగానే ఉండేది. తర్వాత తర్వాత అమ్మవారికి దండం పెట్టుకునేటప్పుడు ఆ ఉద్యోగం కూడా గుర్తుచేసుకుని పెట్టుకునేదాన్ని. మా ఆయన పోయాక మధ్యాహ్నం దాకా నోరు విప్పే పని లేకుండా పోయింది నాకు. అటువంటిది రోజూ మూడు గంటలు నా గొంతు నాకు వినిపించింది.

పెద్దాయనకు ఎనభై దాటాయి. పోర్టులో ఓడ మీద వించి నడిపి రిటైరయ్యారు. బస్తాలనీ పెట్టెలనీ తాడుతో లేపి ఓడ కడుపులోకి దించే యంత్రం అది. చూపు ముందు ఒక కంటికి పోయింది, తర్వాత రెండో కంటికీ పోయింది. కూతురు గాజువాక అవతల ఉంటుంది, అల్లుడిది ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. తమ దగ్గరికి వచ్చేయమని ఎంత పిలిచినా ఆయన వన్ టౌన్‌లోని మేడ మీది అద్దె గది వదల్లేదు. అక్కడైతే ఓడ కూత వినిపిస్తుందట. ఆ కూతురే నన్ను పెట్టుకుంది. మంచి పిల్ల. ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి వచ్చి, తండ్రి తల తనే రుద్ది స్నానం చేయించి వెళ్ళేది.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి కాలు ఒకటి సన్నబడిపోయింది. గోదావరి జిల్లా నుంచి పోర్టులో గుమాస్తాగా వచ్చిన మా నాన్నే నాకు ఇంట్లో అక్షరాలు నేర్పారు. సాయంత్రాలు పురాణం నాచేత పైకి చదివించేవారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. "చదివేవాళ్ళు దేన్నీ దాటెయ్యకూడదమ్మా. నచ్చనిదైనా సరే, వినేవాళ్ళకి అందివ్వాలి. ఆ తర్వాత వాళ్ళిష్టం." ఆ చదువే నాకు ఈ వయసులో అన్నం పెట్టింది. నాన్నకు ఎన్ని దండాలు పెట్టుకున్నా తక్కువే.

పెద్దాయన వార్త వినే పద్ధతి వేరు. ప్రతిదానికీ జవాబు చెప్పాలి. ఉక్కు ఫ్యాక్టరీ అమ్ముతారనీ అమ్మరనీ వార్త వస్తే, "మళ్ళీనా? మా ఊళ్ళో ఆవుని కూడా ఇన్నిసార్లు బేరం పెట్టనేదమ్మా," అనేవారు. ఎక్కడో దూరపు సముద్రంలో యుద్ధం వల్ల ఓడలు చుట్టు తిరిగి వస్తున్నాయని చదివితే, "ఆ ఓడలో వోలు ఇళ్ళకి ఎప్పుడెల్తారో," అనేవారు.

ఒకరోజు పెద్ద నగరాల్లో కొత్తగా వచ్చిన కంపెనీల గురించి చదివాను. ముసలివాళ్ళ దగ్గర గంటల లెక్కన కూర్చుని కబుర్లు చెప్పడానికి మనుషుల్ని పంపుతారట. ఆయన పెద్దగా నవ్వారు.

"మనుసుల్ని అద్దెకిత్తన్నారా? నువ్వే కంపెనీ అమ్మా?"

"నాకు కంపెనీ లేదు బాబాయ్ గారూ. మీ అమ్మాయే కంపెనీ."

"ఓడలో సరుకు దించితే జీతం, మనిసి పక్కన కూకుంటే జీతం. ఏది బరువంటావ్?"

"మీరు రెండూ చూశారు, మీరే చెప్పండి."

"నాను కూకోనేదు గదా, కూకోబెట్టుకున్నాను," అన్నారు. మళ్ళీ తనే అన్నారు. "ముసిలితనమంటే మోకాళ్ళు కాదమ్మా. మనల్ని ‘ఏరా’ అనీవోలు ఒక్కొక్కలే తగ్గిపోడం. ఇప్పుడు నాకు ఒక్కడే మిగిలినాడు."

ఆ ఒక్కడూ ప్రతి గురువారం పది గంటలకు కంచరపాలెం నుంచి ఫోన్ చేసే స్నేహితుడు. ఇద్దరూ ఒకే గ్యాంగులో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. స్పీకర్ పెట్టేది నేనే కనుక మాటలన్నీ నాకూ వినపడేవి.

"ఏరా బావా, ఉన్నావా?" అని అటువైపు నుంచి.

"ఉన్నానొరే. నీ కర్మ బోయినం తిన్నాకే పోతాను."

"తినీసి వంకాయ కూరకి వంక పెడతావు. నాకు తెల్దేటి!"

ఎప్పుడూ అదే మాట, అదే నవ్వు.

ఆ స్నేహితుడి పని ఏమిటో ఒకసారి పెద్దాయన నాకు విడమరిచి చెప్పారు. వించి నడిపేవాడికి ఓడ కడుపు కనపడదట. లోపల మనుషులున్నారో, ఖాళీగా ఉందో తెలియదు. అంచున నిలబడినవాడు లోపలికి చూసి చెయ్యి ఊపుతూ ‘అరియా’ అని కేకేస్తే కిందికి దించాలి. అరియా అంటే దించెయ్ అని. "ముప్పయ్యేళ్ళు నాను కింద ఏటుందో సూడనేదు. ఆడి సెయ్యి సూసినాను. ఒక్క మనిసికీ దెబ్బ తగల్నేదు," అన్నారు.

ఒక మంగళవారం సాయంత్రం కూతురు నాకు ఫోన్ చేసింది. ఆ కంచరపాలెం స్నేహితుడు పొద్దున్న పోయారట. వాళ్ళబ్బాయి తనకు చెప్పాడట. "నాన్నకి నెమ్మదిగా నేను చెప్తాను పిన్నీ. పోయినేడు గ్యాంగులో ఇంకొకాయన పోయాడని విని నాన్న బాత్రూంలో పడిపోయారు కదా, వారం రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం. రేపు పేపర్లో వేస్తారు. మీరు ఆ పేజీ చదవకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను," అని ఏడ్చింది. సరేనన్నాను. ఏడుస్తున్న పిల్లకు ఇంకేమంటాను?

మర్నాడు జిల్లా వార్తల దగ్గరికి వచ్చాక రెండు కాగితాలు కలిపి తిప్పేశాను. లోపల ఆయన స్నేహితుడి ఫొటో ఉంది. తడబడకుండా ఎండల గురించిన వార్త అందుకుని, మామూలు కంటే గట్టిగా చదివాను. ఆయన ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు ఆ కాగితం మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

గురువారం పదింటికి ఫోన్ మోగలేదు. పెద్దాయన పదిన్నర దాకా మొహం ఫోన్ వైపే పెట్టుకుని కూర్చున్నారు. నేను చదువుతూనే ఉన్నాను. ఆ వారమంతా ఆయన వార్తలకు జవాబు చెప్పడం మానేశారు. "ఊఁ" అనడం కూడా లేదు. ఆదివారం కూతురు వచ్చింది కానీ చెప్పడానికి నోరు రాక వెళ్ళిపోయిందట. ఎదురుగా మనిషి ఉండగా గోడకు చదువుతున్నట్టు ఉండేది నాకు. ఆ మూడు గంటలు నాకు వచ్చిన వరమనుకున్నాను కదా, నా చేత్తో నేనే వాటిని పాడుచేసుకున్నాను.

మళ్ళీ గురువారం వచ్చింది. బురుజుపేటలో మా అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎవరి చేత్తో వాళ్ళే పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. ఆ పొద్దున్న పసుపు రాస్తుంటే నా చెయ్యి నాకే నచ్చలేదు. ఏం అడగాలో తెలియక, "నువ్వే చెప్పించు తల్లీ," అనుకుని వచ్చేశాను.

పది దాటింది. ఫోన్ మోగలేదు. నేను చదవబోతుంటే ఆయన చెయ్యెత్తారు.

"పేపరు పక్కనెట్టు. పోయిన బుధవారం నువ్వు రెండు కాయితాలు కలిపి తిప్పినావు."

నేను పేపరు పక్కన పెట్టాను.

"తాడు మీద ఒక బస్తా ఎక్కువెక్కితే సప్పుడుకే తెలిసీది నాకు. కాయితం సప్పుడు తెల్దా? ఆ రోజే అడగొచ్చు. నువ్వే సెప్తావని ఆగినాను. ఎనిమిది రోజులాగినాను."

"బాబాయ్ గారూ, మీ అమ్మాయి..."

"తెలుసు. అది పిల్ల, దానికి బయ్యం. నువ్వెవరు? జీతం దానిది గాని కళ్ళు నాయి గదమ్మా. కింద మనిసున్నాడో నేడో సెప్పకండా సెయ్యి ఊపితే ఏటవుద్ది?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

సంచిలోంచి కాగితం తీశాను. విప్పి చదివాను. పేరు, వయసు, ఇంటి దగ్గర దశదిన కర్మ, బంధుమిత్రులందరూ రావాలని. ఒక్క మాట దాటెయ్యలేదు. తేదీ దగ్గరికి వచ్చేసరికి నాకే తెలిసింది, ఈ రోజే పదో రోజు.

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు. తర్వాత, "తెల్ల సొక్కా ఎక్కడుందో సూడు," అన్నారు.

కూతురికి ఫోన్ చేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. చేస్తే వద్దంటుంది. చేయకుండా తీసుకెళితే నా ఉద్యోగం పోవచ్చు, దారిలో ఆయనకేమైనా అయితే ఆ పిల్ల మొహం నేను చూడలేను. బీరువా తీసి చొక్కా ఇచ్చాను. మెట్లు దిగడానికే పావుగంట పట్టింది. నేను కాలు ఈడ్చుకుంటూ, ఆయన నా భుజం పట్టుకుని.

ఆటోలో ఆయన నాకు గ్యాంగు ఆచారం చెప్పారు. వాళ్ళలో ఎవరు పోయినా పదో రోజు మిగిలినవాళ్ళంతా ఆ ఇంటికి వెళ్ళి, గుమ్మం ముందు నిలబడి, ‘అరియా’ అంటారట. బరువు దించెయ్ అని. చెప్పడం అంతవరకే చెప్పారు.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో షామియానా వేసి ఉంది. పోయినాయన కొడుకు ఎదురొచ్చి, "మావా, నువ్వొత్తావనుకోనేదు," అని ఆయన్ని పట్టుకుని ఏడ్చాడు. పెద్దాయన ఏడవలేదు. ఆకు ముందు కూర్చుని అన్నం మొత్తం తిన్నారు. "వంకాయ కూర ఇంకొంచెం ఎయ్యండి," అని అడిగి వేయించుకున్నారు. కూరకు వంక పెట్టలేదు.

వచ్చేటప్పుడు గుమ్మం ముందు నిలబడ్డారు. నేను మోచెయ్యి పట్టుకున్నాను. "అరియా!" అన్నారు. అంత గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. ఆయన అలాగే నిలబడ్డారు, ఏదో వింటున్నట్టు. పట్టాల మీద గూడ్సు వెళుతోంది. అది పోయాక కూడా నిలబడ్డారు. ఆ తర్వాత, "పద," అన్నారు.

ఆటో మెయిన్‌రోడ్డు ఎక్కాక అడిగాను. "ఎందుకాగారు బాబాయ్ గారూ?"

"జవాబు రావాల. మిగిలినోలు ‘దిగింది’ అనాల. అప్పుడే దిగినట్టు. మిగిలినోలెవరున్నారమ్మా? నానే ఆకరోణ్ణి. మర్సిపోనాను."

నేను ఆటో అబ్బాయితో, "బాబూ, వెనక్కి తిప్పు," అన్నాను.

"ఏటమ్మా, ఇప్పుడే గదా ఆడనుంచొచ్చినాం! ఏటి మర్సిపోనారు, సెప్పులా?"

"మాట మర్చిపోయాం."

"మాటా? ఫోన్ సేసి సెప్పీండి!"

"ఒరే, ఫోన్లో దిగీది కాదురా అది," అన్నారు పెద్దాయన నా పక్క నుంచి. ఆ వారంలో ఆయన గొంతులో నవ్వు వినపడటం అదే మొదలు. ఆటో అబ్బాయి గొణుక్కుంటూ తిప్పాడు.

ఈసారి గుమ్మం ముందు ఎవరూ లేరు. లోపల గిన్నెలు కడుగుతున్నారు. ఆయన ‘అరియా’ అన్నారు, ముందంత గట్టిగా కాదు. "దిగింది," అన్నాను. నా గొంతు సన్నగా వచ్చింది. ఇంకోసారి అన్నాను. ఆయన నా చేతిని ఒకసారి తట్టి వదిలేశారు.

సాయంత్రం కూతురికి నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను. "నాన్న అన్నం తిన్నారా?" అని మాత్రం అడిగింది. కూర రెండోసారి వేయించుకున్నారని చెప్పాను. అప్పుడు ఏడ్చింది. నన్ను మానెయ్యమని అనలేదు. ఆ పిల్ల మనసుకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మర్నాటి నుంచి ఆయన ముందుగా ఆ పోయినవాళ్ళ ఫొటోల పేజీయే చదవమనేవారు. తెలియని మొహాల గురించి కూడా అన్నీ అడిగేవారు. ఒకరోజు చదవడం అయిపోయాక అన్నారు. "నా పొటో పడిన రోజు ఎవరికి సదువుతావమ్మా?"

నేను పేపరు మడతపెట్టసాగాను.

"సదివీసి రా. అరియా అనీదీ నువ్వే, దిగింది అనీదీ నువ్వే. ఇంకెవలికీ తెల్దు."

వానలు మొదలయ్యాక మెట్లు ఎక్కడం, దిగడం ఆయన వల్ల కాలేదు. కూతురు తమ ఇంటికి తీసుకెళ్ళిపోయింది. అక్కడ మనవరాలు ఫోన్లో వార్తలు పెట్టి వినిపిస్తుందట. మొదట్లో గురువారాలు పదింటికి నాకు ఫోన్ చేసేవారు. "ఏమ్మా, ఉన్నావా?" అనేవారు. ఈ మధ్య నేను చేస్తే కూతురే ఎత్తి, పడుకున్నారని చెబుతోంది.

పేపరు వేయించుకోవడం మానలేదు నేను. తొమ్మిదింటికి కూర్చుని పైకే చదువుతాను. వినేవాళ్ళెవరూ లేరు. గొంతు మాత్రం ఆయనకు అలవాటైనంత గట్టిగానే పెడతాను. ముందుగా ఆ పేజీ దగ్గరికి వెళతాను, కాగితాలు ఒక్కొక్కటే విడదీసి తిప్పుతాను. ఫొటోలన్నీ చూస్తాను. ఈ రోజు కూడా వాటిలో ఆయన లేరు. అమ్మవారికి దండం పెట్టుకుని, ఉక్కు ఫ్యాక్టరీ వార్త ఉంటే అది మొదలుపెడతాను.