గంటే కదా

విశాఖ నుంచి హైదరాబాదుకి విమానంలో గంటే కదా అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ గంటను నమ్మబట్టే నేను మా చెల్లెలికి చివరి చీర కప్పలేకపోయాను.

ఆ సాయంత్రం స్టీల్‌ప్లాంటులో డ్యూటీలో ఉండగా హైదరాబాదు నుంచి చెల్లెలి భర్త ఫోను చేశాడు. గుండెపోటట, ఆస్పత్రికి చేరేలోపే పోయిందట. ఏడుస్తూనే, "పుట్టింటి చీర మీరే తేవాలి బావగారూ. రేపు మధ్యాహ్నం అమావాస్య వచ్చేస్తుంది, ఈలోపే తీసెయ్యాలంటున్నారు పెద్దవాళ్ళు" అన్నాడు. మా వైపు ముత్తయిదువుగా పోయిన మనిషి మీద పుట్టింటివాళ్ళు చీర కప్పాకే పాడె లేస్తుంది. అమ్మా నాన్నా లేరు. పుట్టిల్లంటే ఇక నేనే.

అప్పుడే బయల్దేరితే రాత్రి రైలు అందేది. కానీ ఫర్నేసు దగ్గర రిలీవరు రాకుండా కదలడానికి లేదు, వచ్చే షిఫ్టు దాకా వచ్చేవాడూ లేడు. నాతో పనిచేసే అతను భుజం మీద చెయ్యేసి, "రైలెందుకు బావా? పొద్దున్నే ఇమానం ఎక్కీ. గంటే కదా! టికెట్టు నాను సూత్తాను" అన్నాడు. ఫోనులో చూపించాడు కూడా. రెండు ఊళ్ళ మధ్య ఒక వంపు గీత, పక్కనే గంటా చిల్లర. ఆ గీత చూసి నాకు ప్రాణం కుదుటపడింది.

ఇంతలో ఎలమంచిలి నుంచి పెద్దమ్మ ఫోను. "రేతిరి రైలుకి ఎల్తన్నాను రా. సీర నాను కొని అట్టుకెల్నా?"

"వద్దు పెద్దమ్మా, నేను తెస్తాను. నీకంటే ముందే ఉంటాను" అన్నాను.

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ బీరువాలోంచి ఆకుపచ్చ చీర తీసి ఉంచింది. ఈసారి సింహాచలం వచ్చినప్పుడు చెల్లెలికి పెడదామని కొన్నదే. అది సంచిలో పెట్టుకుని తెల్లారకముందే ఎయిర్‌పోర్టులో ఉన్నాను.

పొగమంచు. విమానం లేవదన్నారు. కాసేపన్నారు, మళ్ళీ కాసేపన్నారు. ఆ గాజుగోడల మధ్య చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అటునుంచి ఫోను వచ్చినప్పుడల్లా "ఎక్కితే గంటే" అని నేనే చెప్పాను. చివరికి ఫోన్లు రావడం మానేశాయి. నా పక్కన కూర్చున్నాయన కాఫీ బాగాలేదని విసుక్కుంటున్నాడు. ఆయన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది.

విమానం ఎక్కాక మాత్రం నిజంగానే గంట. దిగాక ఊరి ఆ చివరికి వెళ్ళడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

నేను వెళ్ళేసరికి ఇల్లు కడిగేశారు. ఆమెను పడుకోబెట్టిన చోట దీపం వెలుగుతోంది. పొద్దున్నే రైలు దిగి వచ్చిన పెద్దమ్మ నన్ను చూసి గోడకి తల ఆనించుకుంది. "ఆలే కొట్లో కొని తెచ్చినారు రా. నాను సేతులేసి కప్పేనంతే" అంది.

అత్తింటివాళ్ళ చీరతో వెళ్ళిపోయింది మా చెల్లెలు, పుట్టింట్లో ఎవరూ లేనిదానిలా.

పక్కింటాయన ఎవరో మర్యాదగా మంచినీళ్ళు అందించి, "వైజాగ్ నుంచి విమానంలో ఎంతసేపండీ?" అని అడిగాడు.

సంచి గుండెకి అదుముకుని, "గంట" అన్నాను.