పక్కపక్క బల్లల మీద రెండు మెడలు

మెడ నొప్పి అంటూ వచ్చిన మనిషిది ఏ రకం నొప్పో గుమ్మంలోనే పట్టేయగలనని నాకు చాలా ఏళ్లు పొగరు. ఖమ్మంలో బస్టాండుకు దగ్గర్లో, ఒక చిన్న ఫిజియోథెరపీ సెంటర్లో పని చేస్తాను. నా లెక్కలో మెడలు రెండు రకాలు. బండి గుద్దుకున్నప్పుడు తల ముందుకూ వెనక్కూ విసిరినట్టు ఊగి దెబ్బతిన్నది ఒకటి. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా ఆ మనిషికి తల తిరుగుతుంది, నిద్ర పట్టదు, వీధిలో బ్రేకు చప్పుడైనా గుండె జల్లుమంటుంది. బరువులు మోసి, వంగి పని చేసి అరిగిపోయినది రెండోది. అది పొద్దుగూకేసరికి సలుపుతుంది, పడుకుంటే కాస్త నెమ్మదిస్తుంది. ఈ రెండో రకంలో కొందరికి గడ్డం కింద పట్టీ కట్టి బరువుతో లాగితే హాయిగా ఉంటుంది. కుదుపు తిన్న కొత్త మెడ జోలికి మాత్రం ఆ పట్టీతో పోకూడదు.

ఆ మిర్చి సీజన్లో రెండు మెడలూ ఒకే వారంలో వచ్చాయి. ఒకాయన కాలేజీ లెక్చరర్. కూసుమంచి దగ్గర ఆయన కారును వెనక నుంచి లారీ గుద్దింది. పరదా లాగి, భార్యను బయట కూర్చోమని, అరగంట సేపు అన్నీ అడిగాను. ఆయన చెప్పిందే మళ్లీ చెబుతుంటే ఓపికగా విన్నాను కూడా.

రెండో మనిషి భద్రాచలం వైపు అడవి పల్లె ఆమె. మిర్చి ఏరడానికి తనవాళ్లతో వచ్చి నేలకొండపల్లి దగ్గర చేలల్లో గుడిసె వేసుకుని ఉంటున్నారు. కూలీలను చేలకు తిప్పే ఆటో ఆమె తమ్ముడిదే. అందులోనే తీసుకొచ్చాడు. ఆమె నేల చూపులు చూస్తూ అతనితో కోయ భాషలో ఏదో అంది. తెలుగు రాదనుకుని నేను అతన్నే అడిగాను, ఎట్లా మొదలైందని.

"బరువులు మోసి మోసి పట్టింది మేడం. జల్దీ తగ్గేటట్టు చేయండ్రి. ఏరుడు ఆగిపోయింది" అన్నాడు.

నేను వినాలనుకున్నదే అతను చెప్పాడు. పరదా లాగలేదు. పట్టీ కట్టి బరువు వేలాడదీశాను. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది, అంతే. మూడో రోజు బయట బస్సు కీచుమని ఆగినప్పుడు పక్క బల్ల మీది లెక్చరర్ ఉలిక్కిపడ్డాడు. ఆమె కూడా. అది నేను చూశాను. చూసి కూడా, పల్లె మనిషి కదా, ఊరి రొద కొత్త అనుకున్నాను. ఆ తలపు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. అయిదు రోజులయ్యాక వాళ్లు రావడం మానేశారు.

నెల తిరిగాక ఆమె ఒక్కతే బస్సులో వచ్చింది. లెక్చరర్ అప్పటికి కోలుకుని కారు నడుపుతున్నాడు. ఆమె కుడిచెయ్యి ముందుకు చాపి, తేటగా తెలుగులో చెప్పింది.

"చేతి వేళ్లు మొద్దుబారినయ్ మేడం. కాయ తెంపితే జారిపోతున్నది."

"దెబ్బేమైనా తగిలిందా?" అని అప్పుడు అడిగాను.

"అవ్. మీ తాన్కి రాకముందు నాలుగు రోజులకు మా తమ్ముడి ఆటో గట్టుకు గుద్దింది. నెత్తురు రాలే. వాని మీద కేసు అయితదని ఎవ్వరం బయట చెప్పలే."

"నీకు తెలుగు వచ్చు కదా. నాతోనన్నా చెప్పొచ్చు కదా?"

ఆమె నన్ను కొంచెం జాలిగా చూసిందనిపించింది.

"మీరు వాణ్నే అడిగిండ్రు. వాడు పక్కనే ఉండె. నేనేం చెప్త మేడం?"

ఆ చెయ్యి ఆటో వల్ల పోయిందో, నేను వేలాడదీసిన బరువు వల్ల పోయిందో ఎవరూ తేల్చలేరు. పెద్ద దవాఖానాకు చీటీ రాశాను, స్కాన్ తీయించమని, జరిగిందంతా అక్కడ చెప్పమని. ఆమె దాన్ని ఎడమచేత్తో మడిచి, కొంగున ముడి వేసుకోబోయింది. వేళ్లు కుదరక ముడి పడలేదు. నేనే వేశాను.

"ఇప్పుడు చెప్పిన కదా మేడం" అంది. "చెయ్యి వస్తదా?"

నేను ముడిని ఇంకోసారి బిగించాను. అప్పటికే అది గట్టిగానే ఉంది.