ఆమె రాయని పేజీలు

ఆమె బస్సు కండక్టరు. వారపత్రికల్లో కథలు పడడం మొదలయ్యాక డిపోలో అందరూ రైటరమ్మ అన్నారు. మొదట్లో అది వేళాకోళం, తర్వాత అదే ఖాయమైంది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దొరికిన ఖాళీలో, విశ్రాంతి గది కిటికీ గట్టు మీద కాగితాలు పెట్టుకుని నిలబడే రాసేది. కూర్చుంటే నిద్ర ముంచుకొచ్చేది. భర్త ఏనాడో వదిలేసి పోయాడు. ఉండడం తమ్ముడింట్లో. తమ్ముడు లేతు మిషను మీద పనిచేసేవాడు, కోపం ముక్కు మీదే ఉండేది. మరదలు మాత్రం నోట్లో నాలుక లేని మనిషని వీధి వీధంతా అనుకునేది.

ఆమె మొదటి నవల ఇద్దరు అక్కచెల్లెళ్లది. తల్లి పోయాక ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని, మాటల్లేకుండా బతికిన ఆడవాళ్ల కథ. పేరున్న ప్రచురణకర్తలు తిప్పి పంపారు. అప్పుడే సిల్కు చొక్కా వేసుకున్న ఒకాయన డిపోకి వెతుక్కుంటూ వచ్చాడు.

“మీ కలం బంగారం తల్లీ. ఊరికే తుప్పు పట్టిస్తున్నారు,” అన్నాడు.

బంగారం తుప్పు పట్టదన్న సంగతి ఆ సంతోషంలో ఆమెకు తట్టలేదు. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ‘మార్పులు చేర్పులు చేసుకునే హక్కు ప్రచురణకర్తదే’ అన్న వాక్యం చదవకపోలేదు. అచ్చుతప్పులు దిద్దడానికేమో అనుకుంది.

పుస్తకం ఆమె చేతికి రాకముందే బస్టాండులో పుస్తకాల బడ్డీకి చేరింది. అట్ట మీద సగం బట్టలతో ఒక అమ్మాయి, భుజానికి టికెట్ల సంచి. పైన ‘లేడీ కండక్టర్ రహస్యాలు’. కింద ఆమె పూర్తి పేరు, వెనక ఆమె ఫొటో. అక్కచెల్లెళ్లు లోపలే ఉన్నారు. కానీ ప్రతి అధ్యాయం చివరా ఆమె రాయని పేజీలు వచ్చి, వాళ్ల బట్టలూడదీసి మగాళ్ల మధ్యకి తోశాయి. బడ్డీ దగ్గరే నిలబడి చదివింది. అట్ట కనపడకుండా బోర్లించి పెట్టబోతే, వెనక తన ఫొటోయే ఉంది.

మర్నాడు బస్సు కిక్కిరిసి ఉంది. వెనక సీట్లో ఒకడు ఆ పుస్తకం తెరిచి, గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్న స్నేహితులు పగలబడి నవ్వారు.

“రైటరుగారూ, ఈ సీను ఏ రూట్లో జరిగిందండీ?”

“టికెట్ తీసుకోండి,” అంది ఆమె.

వాడు ఒక చేత్తో చిల్లర చాస్తూ రెండో చెయ్యి ఆమె నడుం మీద వేశాడు. టికెట్ మిషను వాడి మొహం మీద పడింది. ఒకసారి కాదు. ముక్కు విరిగిన చప్పుడు ముందు సీట్ల దాకా వినిపించింది. నెత్తురు పుస్తకం మీదా, ఆమె ఖాకీ చొక్కా మీదా చిమ్మింది. స్నేహితులు ఆమెను జుట్టు పట్టి మెట్ల దాకా ఈడ్చి డొక్కలో తన్నారు. డ్రైవరు బస్సాపి, జాకీ రాడ్డు పట్టుకుని వెనక తలుపులోంచి ఎక్కాడు గనక బతికింది.

తన్నినవాళ్లు జనంలో కలిసిపోయారు. ముక్కు పగలగొట్టినందుకు ఆమెను సస్పెండు చేశారు.

తమ్ముడు ఊరుకోలేదు. అక్కను వెంటబెట్టుకుని సిల్కు చొక్కా ఆయన గోడౌనుకి వెళ్లాడు. అచ్చుకాగితాల కట్టల మధ్య, జిగురు వాసనలో, ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు.

“దూసుకుపోతోందమ్మా మీ పుస్తకం!”

“నేను రాయనివి నా పేరుతో ఎందుకేశారు?”

“మార్పులు నా ఇష్టమని మీరే రాసిచ్చారుగా. సంతకం మీది కాదా?”

తమ్ముడు ఆయన కాలరు పట్టుకున్నాడు. వెనకనుంచి ఇద్దరు పనివాళ్లు ఇనప కడ్డీలతో వచ్చారు. మొదటి దెబ్బకే దవడ పక్కకి జరిగింది, కిందపడ్డాక కూడా కొట్టారు. అడ్డం వెళ్లిన ఆమెను సిల్కు చొక్కా జుట్టు పట్టి, నుదురు బల్లకేసి కొట్టాడు. రెండోసారి కొట్టబోతుంటే ఆయన బొటనవేలు ఆమె పళ్లకి చిక్కింది. ఎముక తగిలేదాకా కొరికింది. పోలీసులొచ్చి విడదీసేసరికి ఆమె నోటినిండా వాడి నెత్తురే. ఇరువైపులా కొట్టుకున్నారని రాసుకుని వదిలేశారు.

తమ్ముడి దవడను తీగలతో కట్టారు. మరదలు గొట్టంతో పాలు తాగిస్తుంటే చూడలేక ఆమె గుమ్మం బయటే కూర్చునేది. తన రాతలే ఇదంతా ఇంటి మీదికి తెచ్చాయని కలం ముట్టడం మానేసింది. ఒకరోజు తమ్ముడే పిలిచాడు. బిగించిన పళ్ల సందుల్లోంచి మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

“నువ్వు... రాయకపోతే... నా దవడ... ఎందుకు విరిగినట్టక్కా?”

ఆ సాయంత్రమే రాయడానికి కూర్చుంది. ఇదివరకు తన కథలు వేసిన వారపత్రిక ఎడిటరు దగ్గరికి ఆ కథ తీసుకెళ్లింది.

“కథ బాగుందమ్మా. కానీ ఈ పేరుతో వేస్తే మా పరువు పోతుంది. ఇంకో పేరు పెట్టుకోరాదూ?”

“ఈ పేరు కోసమే సార్ తన్నులు తిన్నది. దాన్ని వాడికొదిలేసి నేనెక్కడికి పోను?”

ఆయన వెయ్యలేదు. ఆమె ఇంకోటి రాసింది, మరోటి రాసింది. చివరికి గోడౌనులో జరిగింది జరిగినట్టు రాసి ఇస్తే, ఆయన ఆమె ఎదుటే చదివి, అచ్చుకి పంపే కట్టలో పెట్టాడు. ఆ కథ ఆమె పేరుతోనే వచ్చింది.

అది వచ్చిన వారమే, పట్టపగలు, సిల్కు చొక్కా పంపగా ఆ గోడౌను పనివాళ్లిద్దరూ ఇంటి మీదికొచ్చారు. ఒకడు గుమ్మంలో పెట్రోలు గుమ్మరించి పక్కకి తప్పుకున్నాడు. రెండోవాడు అగ్గిపుల్ల తియ్యబోయాడు. పొయ్యి మీద మరుగుతున్న స్నానం నీళ్ల గిన్నెను మరదలు గుడ్డతో పట్టి ఎత్తి వాడి మొహాన కొట్టింది. మెడ దగ్గర తోలు ఊడి వేలాడింది. వాడు అరుస్తూ దొర్లుతుంటే మొదటివాడు తనే పుల్ల గీసి విసిరి పారిపోయాడు. తలుపు భగ్గుమంది. రైటరమ్మ తడి దుప్పటితో బాదిబాది మంటలార్పింది. మోచేతుల దాకా కాలిపోయింది.

ఆసుపత్రిలో పడున్నవాడిని సిల్కు చొక్కా తొంగి కూడా చూడలేదు. ఆ కడుపుమంటతో వాడు పోలీసులకు మొత్తం కక్కేశాడు. సిల్కు చొక్కా జైలుకెళ్లాడు. కోర్టు ఒప్పందం రద్దు చేసి, మిగిలిన పుస్తకాలు తగలబెట్టమంది. అమ్ముడుపోయినవి మాత్రం ఎవరూ వెనక్కి తేలేకపోయారు. ఇప్పటికీ బస్సులో ఎవరైనా పరీక్షగా చూస్తే ఆమె చెయ్యి టికెట్ మిషను మీదికి పోతుంది.

ఉద్యోగం తిరిగొచ్చింది. అసలు నవలను ఒక చిన్న ప్రచురణ సంస్థ వేసింది. ఈసారి ఒప్పందాన్ని మరదలు పైకి చదివి, అనుమానం వచ్చిన ప్రతి ముక్కా కొట్టేయించింది. పుస్తకం గొప్పగా ఏమీ అమ్ముడుపోలేదు. కానీ చదివినవాళ్లు రెండోది ఎప్పుడని అడిగారు, అదీ వచ్చింది.

ఇప్పుడు మూడోది రాస్తోంది. మొదటి పాఠకురాలు మరదలే.

“ఏంటి వదినా, ఇందులో ఎవరూ ఎవర్నీ కొట్టుకోవట్లేదు?”

“కొట్టుకుంటారులే. ముందు వాళ్లని అన్నం తిననీ.”