ఇజ్రాయెల్ పాస్కో ఏ జట్టువాడు?

గ్రీనిచ్‌లో, థేమ్స్ ఒడ్డున, ముసలి నావికులు నీలం కోట్లు తొడుక్కుని ఎండ కాగే ఆశ్రమంలో ఏటా ఒక క్రికెట్ పందెం జరిగేది. ఒంటిచేతి వాళ్ళొక జట్టు, ఒంటికాలి వాళ్ళొక జట్టు. ఇజ్రాయెల్ పాస్కోకు వచ్చిన చిక్కల్లా, అతనికి రెండూ ఒక్కొక్కటే ఉండటం.

కాలు ఫ్రెంచివాళ్ళ గుండుకు పోయింది. అది గౌరవంగా పోయినట్టే. కాలు పోయిన నావికుణ్ణి ఓడలో వంటవాణ్ణి చెయ్యడం ఆనవాయితీ. ఉప్పుమాంసం ఉడకబెట్టడానికి రెండు కాళ్ళెందుకు? అలా వంట చేస్తుండగానే, మూడేళ్ళకి, దొర్లిపడ్డ బీరుపీపా కింద చెయ్యి నలిగింది. అదీ ఖాళీ పీపా. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా పాస్కోకు ప్రాణం ఉసూరుమనేది.

పన్నెండేళ్ళుగా అతనికి ఒక్కటే కోరిక: ఒక్కసారి జట్టులో ఆడాలి.

"నీకు కాలు లేదు కదన్నా, వాళ్ళనడుగు," అనేవాడు ఒంటిచేతి నాయకుడు టుల్లీ.

"చెయ్యి లేనోడితో మాకేం పనిరా? పోయి టుల్లీ గాణ్ణడుగు," అనేవాడు ఒంటికాలి నాయకుడు గఫ్.

ఆ ఏడు పందెం పొద్దున గఫ్ జట్టులో ఒకడు తాగి లేవలేదు. లెక్కకు పదకొండు మంది కావాలి గనక, గొణుక్కుంటూనే గఫ్ పాస్కోను ఆఖరివాడిగా దింపాడు.

సాయంత్రానికి ఆఖరి వికెట్ మిగిలింది. గెలవడానికి ఒక్క పరుగు కావాలి. పాస్కో ఒంటిచేత్తో బంతిని తోసి పరుగందుకున్నాడు. సగం దూరంలో కొయ్యకాలు కుందేలు బొరియలో దిగి, పట్టీ తెగి, ఎగిరి వెళ్ళి గీత అవతల పడింది. పాస్కో ఇవతలే పడ్డాడు. ఆ తర్వాత టుల్లీ బంతి విసిరి వికెట్ పడగొట్టాడు.

"అవుట్," అన్నాడు టుల్లీ. "కొయ్య చేరితే సరా? మనిషేడీ?"

"ఒంటికాలోడికి కొయ్యకాలే కాలు. మావాడి కాలు గీత దాటింది," అన్నాడు గఫ్.

"మీవాడా? పొద్దునదాకా ఏమన్నావ్? వాడికి ఒక్క చెయ్యే, చూడు. లెక్కప్రకారం మావాడు. మావాడు నీకు పరుగెందుకు తీస్తాడు?"

"పన్నెండేళ్ళు ఎండలో కూర్చోబెట్టి ఇప్పుడు మావాడంటావా, సిగ్గులేనోడా?"

"నువ్వు మాత్రం పల్లకీలో తిప్పావా?"

అంపైరు ఒంటికన్ను లెఫ్టినెంటు. రెండు జట్లనూ ఒకే కంటితో చూస్తాడని ఆయన్ను పెట్టుకున్నారు. ఆయన నస్యం పీల్చి ఆలోచనలో పడ్డాడు. ఎవరో పాస్కోను లేపబోయారు.

"ఉండండయ్యా, ఇక్కడ బాగానే ఉంది," అన్నాడు పాస్కో, గడ్డిలో వెల్లకిలా పడుకునే. "వాళ్ళను కానివ్వండి."

చివరికి లెఫ్టినెంటు దగ్గరికొచ్చి వంగాడు. "ఏమోయ్ పాస్కో, నువ్వే చెప్పు. నువ్వు ఎవరివాడివి?"

గఫ్, టుల్లీ తగువు మాని అతనివంకే చూస్తున్నారు. పాస్కో చెవులు రెండూ దివ్యంగా పనిచేస్తాయి.

"ఇంకోసారి అడగండి దొరా," అన్నాడు. "సరిగా వినబడలేదు."